గోదావరి రేవు నుంచి భూగర్భ మెట్రో వరకు..
చెన్నై సెంట్రల్ మెట్రో స్టేషను: కోనసీమ వాసులు తెలుసుకోదగిన విశేషాలు

ఆలమూరు: కోనసీమ నుంచి వైద్యానికో, చదువుకో, సినిమా అవకాశాలకో చెన్నై వెళ్లే వారికి బేసిన్ బ్రిడ్జి సుపరిచితమే. రైలు సెంట్రల్ చేరడానికి ముందు వచ్చే చివరి స్టేషను అది. ప్లాట్‌ఫాం ఖాళీ లేదంటూ రైలు అక్కడ నిలిచిపోతే సామాన్లు సర్దుకుని తలుపు దగ్గర నిలబడటం ఈ ప్రాంత ప్రయాణికులకు తరతరాల అలవాటు. అయితే ఆ ‘బేసిన్’ అన్న పేరు రైలుది కాదు, పడవలది. ఒకనాడు ఉత్తర దిక్కు నుంచి కాలువ మీద వచ్చే సరుకు పడవలు లంగరు వేసిన జలాశయం పేరిట ఆ వంతెనకు, ఆ తర్వాత స్టేషనుకు ఆ పేరు స్థిరపడింది. గోదావరి మండలం నుంచి మద్రాసుకు సాగిన జలమార్గం ముగిసిన చోటు, నేడు రాజమహేంద్రవరం నుంచి వెళ్లే రైలుమార్గం ముగిసే చోటు దాదాపు ఒక్కటే. 2018 నుంచి ఆ నేల అడుగున మరో మార్గం ఏర్పడింది. అదే సెంట్రల్ మెట్రో.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంతవరకు మెట్రో రైలు లేదు. విజయవాడ, విశాఖపట్నం మెట్రోలు ప్రతిపాదనల దశ దాటలేదు. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో తొలిదశ పూర్తిగా స్తంభాల మీద నడుస్తుంది. కాబట్టి కోనసీమ వాసి నేల అడుగున ప్రయాణించే సందర్భం తొలిసారి ఎదురయ్యేది ఎక్కువగా చెన్నైలోనే.

కాలువ దారి..

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఆనకట్ట కింద తవ్విన కాలువలను కాటన్ సేద్యానికి మాత్రమే ఉద్దేశించలేదు. అవి పడవలకు రహదారులు కావాలన్నది ఆయన పట్టుదల. అందుకే ప్రధాన కాలువలపై అడుగడుగునా లాకులు వెలిశాయి. తూర్పు డెల్టాలోని ఆలమూరు, మండపేట ప్రాంతాల ధాన్యం కాలువల మీదుగానే ధవళేశ్వరం చేరేది. అక్కడ ఆనకట్ట పైభాగాన నది దాటి విజ్జేశ్వరం లాకు మీదుగా పశ్చిమ డెల్టాలోకి, ఏలూరు కాలువ వెంబడి బెజవాడకు పడవలు సాగేవి. బెజవాడలో కృష్ణను దాటి సీతానగరం లాకు మీదుగా కొమ్మమూరు కాలువలో ప్రవేశిస్తే, పెదగంజాం వద్ద బకింగ్‌హామ్ కాలువ ఆరంభమయ్యేది. ఆపైన తీరం వెంబడి నెల్లూరు సీమ దాటి నేరుగా మద్రాసే. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే కూలీలు. బియ్యం, ఉప్పు, వంటచెరకు ఇలా రాజధానికి చేరాయి.

బకింగ్‌హామ్ కాలువ చరిత్ర ఇంకా పాతది. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఉత్తరంగా తవ్వించిన ఉప్పునీటి కాలువ దానికి మూలం. 1837లో ప్రభుత్వం దానిని స్వాధీనపరచుకుంది. 1876-78 నాటి కరువు తెలుగునాట ‘ధాత కరువు’గా జనస్మృతిలో నిలిచిపోయింది. ఆ కరువు పనులలోనే మద్రాసు నగరం మధ్యగా కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని తవ్వించారు. అన్నం కోసం వచ్చిన జనం చేతుల మీదుగా తయారైన ఆ కాలువకు 1878లో నాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి మరక్కాణం వరకు దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో అధిక భాగం నేటి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది.

ఆ కాలువ సెంట్రల్ స్టేషను పక్కగా, జనరల్ ఆసుపత్రి సమీపం నుంచి కూవం వైపు సాగుతుంది. ఇప్పుడు దానిని చూసి జలమార్గమని గుర్తించడం కష్టం. నల్లబడిన మురుగు, గట్టుల వెంబడి ఆక్రమణలు. 1965, 1966 తుపానులలో దెబ్బతిన్నాక పడవల రాకపోకలు క్రమంగా అంతరించాయి. లారీ వచ్చాక కాలువను పట్టించుకునే నాథుడు కరవయ్యాడు. 1990లలో బీచ్ స్టేషను నుంచి మైలాపూరు వైపు నిర్మించిన ఎత్తయిన నగర రైలుమార్గానికి ఖాళీ జాగా దొరికింది ఈ కాలువ పైనే. తిరుమయిలై పరిసరాల్లో స్తంభాలు కాలువ నడుమనే దిగాయి. ఆ మార్గం 1995లో చేపాక్కం వరకు, 1997లో మైలాపూరు వరకు, 2007లో వేళచ్చేరి వరకు తెరుచుకుంది. ఆ మరుసటి సంవత్సరమే, అంటే 2008లో, కాకినాడ - పుదుచ్చేరి కాలువలను కేంద్రం నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించడం విచిత్రమే. స్తంభాలు పాతిన కాలువలో పడవ ఎలా నడవాలో ఆ ప్రకటన చెప్పలేదు.

రైలు వచ్చింది..

సెంట్రల్ స్టేషను 1873లో నాలుగు ప్లాట్‌ఫారాలతో మొదలైంది. అయినా అప్పట్లో గోదావరి వాసికి దానితో పనిలేదు. బెజవాడ - మద్రాసు రైలుమార్గం 1899లో, రాజమండ్రి వద్ద గోదావరిపై హేవలాక్ వంతెన 1900లో పూర్తయ్యాకే ఈ ప్రాంతం నుంచి మద్రాసుకు నేరుగా రైలు ప్రయాణం సాధ్యమైంది. పడవలో రోజుల తరబడి సాగే ప్రయాణం ఒక రాత్రికి కుదించుకుపోయింది. న్యాయవాదులు, విద్యార్థులు, పత్రికా రచయితలు, ఆ తర్వాత నటులు, గాయకులు బేసిన్ బ్రిడ్జి దాటి ఈ స్టేషనులోనే దిగారు. ఆలమూరుకు పొరుగునున్న కడియం మండలంలోని దుళ్లలో జన్మించిన బులుసు సాంబమూర్తి 1937లో మద్రాసు శాసనసభకు సభాపతి అయ్యారు. 1952లో ఆయన మద్రాసు నివాసంలోనే పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్ష చేసి డిసెంబరు 15న అసువులు బాశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది, మద్రాసు మాత్రం రాలేదు. రాజధాని పోయినా రైలు పోలేదు. హౌరా మెయిలు, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఈనాటికీ రాజమహేంద్రవరం నుంచి ఇక్కడి ప్రయాణికులను సెంట్రల్‌కే చేరుస్తున్నాయి. 2019లో ఈ రైల్వేస్టేషనుకు పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి.రామచంద్రన్ పేరు పెట్టారు. మెట్రో స్టేషనుకు 2020లో అదే పేరు వచ్చింది. వాడుకలో మాత్రం రెండూ ‘సెంట్రల్’.

అన్నట్టు, ఆలమూరు వాసులు రైలెక్కాలంటే జొన్నాడ మీదుగా రాజమహేంద్రవరమో, మండపేట మీదుగా ద్వారపూడో వెళ్లాలి. కాకినాడ - కోటిపల్లి మార్గం 2004లో తిరిగి ప్రాణం పోసుకున్నా, 2000-01లో మంజూరైన కోటిపల్లి - నరసాపురం మార్గం మూడు గోదావరి పాయలు దాటవలసి ఉంది. పావు శతాబ్ది ఆ వంతెనల నిరీక్షణలోనే గడిచింది. ఇంటి వద్ద నది దాటని రైలు, అటు చివర నేల అడుగుకు చేరింది.

నేల అడుగున ఎలా కట్టారు?

చెన్నై మెట్రో 2015 జూన్ 29న కోయంబేడు - ఆలందూరు మధ్య స్తంభాల మీద మొదలైంది. తొలి భూగర్భ భాగం తిరుమంగళం - నెహ్రూ పార్కు మధ్య 2017 మే 14న తెరుచుకుంది. అది సెంట్రల్ వరకు వచ్చింది 2018 మే 25న. 2019 ఫిబ్రవరి 10న చాకలిపేట (వాషర్‌మన్‌పేట) భాగం ప్రారంభం కావడంతో సుమారు 45 కిలోమీటర్ల తొలిదశ ముగిసింది. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాన వింకో నగర్ వరకు మరో 9 కిలోమీటర్లు పొడిగించారు.

భూగర్భ స్టేషను అంటే సొరంగాన్ని వెడల్పు చేసిన గుహ అని చాలామంది ఊహ. చెన్నైలో చేసింది అది కాదు. నేలలోకి దించిన మహా కాంక్రీటు పెట్టె అది. దీని నిర్మాణ విధానం గోదావరి జిల్లాల పాఠకులకు కొత్తేమీ కాదు. పోలవరం వార్తల పుణ్యమా అని ‘డయాఫ్రం వాల్’ అన్న మాట ఇక్కడ రచ్చబండ మీద కూడా వినిపిస్తుంది. సన్నని లోతైన కందకాన్ని యంత్రంతో తవ్వుతూ, గట్లు కూలకుండా బెంటొనైట్ అనే బంకమట్టి ద్రావణంతో నింపుతారు. తవ్వకం పూర్తయ్యాక అడుగు నుంచి కాంక్రీటు పోస్తుంటే తేలికైన ఆ ద్రావణం పైకి వచ్చేస్తుంది. పోలవరంలో ఆ గోడ పని నదీగర్భంలో నీటి ఊటను అడ్డుకోవడం. మెట్రోలో అదే గోడకు ఇనుప చట్రం అమర్చి, చుట్టూ ఉన్న మట్టి, నీరు నెట్టే ఒత్తిడిని భరించేలా చేస్తారు. నాలుగు వైపులా గోడలు పూర్తయ్యాక పైకప్పు వేసి, దాని కింద మట్టిని తోడుతూ అంతస్తు తర్వాత అంతస్తుగా కిందికి దిగుతారు. ఇల్లు కప్పుతో మొదలై పునాదితో ముగుస్తుందన్నమాట.

స్టేషన్ల మధ్య సొరంగాల పని సొరంగ యంత్రాలది. గుండ్రని కత్తుల చక్రం ముందుకు తిరుగుతూ మట్టిని కొరుకుతుంది. తవ్విన మట్టినే ముందు గదిలో ఒత్తిడితో నిలిపి, ఎదుటి నేల కూలకుండా ఆనిస్తుంది. వెనుక కాంక్రీటు ముక్కలను వలయంగా బిగించుకుంటూ పోతారు. చెన్నై నేల ఈ యంత్రాలను బాగా పరీక్షించింది. సముద్రం వైపు ఇసుక, బంకమట్టి, లోనికి పోతే రాయి, కొన్నిచోట్ల ఒకే చక్రం పైసగం మట్టిలో, కింద సగం రాతిలో తిరగవలసిన పరిస్థితి. ఇసుకలో ఒత్తిడి తప్పితే పైన వీధి కుంగుతుంది. రాతిలో కత్తులు అరుగుతాయి. భూగర్భ పనులు అనుకున్న గడువు దాటి సాగడానికి ఇది ఒక ప్రధాన కారణం.

సెంట్రల్ వద్ద మరో చిక్కు ఉంది. విమానాశ్రయం నుంచి వచ్చే నీలి మార్గం, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) నుంచి వచ్చే ఆకుపచ్చ మార్గం ఇక్కడ కలుస్తాయి. రెండింటికీ వేర్వేరు లోతుల్లో ప్లాట్‌ఫారాలు కట్టారు. పైన రిప్పన్ భవనం, విక్టోరియా పబ్లిక్ హాలు వంటి శతాబ్దం దాటిన కట్టడాలు, పక్కన కాలువ, కూవం నది, నాలుగు దిక్కులా రైలు పట్టాలు. వాటికి హాని కలగకుండా తవ్వవలసి వచ్చింది. ఏళ్ల తరబడి పూనమల్లి హైరోడ్డు ఇనుప రేకుల దడుల మధ్యే ఊపిరి పీల్చింది.

ప్లాట్‌ఫారం అంచున పట్టాలకు అడ్డంగా గాజు తలుపులుంటాయి. రైలు ఆగిన తర్వాత రైలు తలుపులతో పాటే అవి తెరుచుకుంటాయి. ప్రయాణికులు పట్టాల మీద పడే ప్రమాదం తప్పుతుంది, చల్లదనమూ సొరంగంలోకి పోదు. తుపాను వానలకు వీధులు మునిగినా నీరు దిగకుండా ప్రవేశద్వారాలను రోడ్డు మట్టానికి ఎత్తున కట్టి మెట్లతో కిందికి దించారు. రైళ్లలో తెలుగువారికి ఒక సంతోషముంది. తొలి 9 రైళ్లు మాత్రమే బ్రెజిల్‌లో తయారయ్యాయి. మిగతావి ఆల్‌స్తోం సంస్థ తడ సమీపంలోని శ్రీసిటీ కర్మాగారంలో తయారుచేసింది. చెన్నై భూగర్భంలో తిరిగే రైళ్లలో అధిక భాగం ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవే.

పైకి వస్తే..

ఈ కూడలిలో నాలుగు రకాల రైళ్లు కలుస్తాయి. దూరప్రాంత రైళ్ల సెంట్రల్, దాని పక్కనే శివారు రైళ్ల మూర్ మార్కెట్ కాంప్లెక్సు, రోడ్డుకు ఆవల తాంబరం వైపు శివారు రైళ్లు ఆగే పార్కు స్టేషను, మైలాపూరు వైపు వెళ్లే పార్క్ టౌన్ స్టేషను. మెట్రో వచ్చాక భూగర్భ మార్గాలతో వీటి మధ్య రాకపోకలు సులువయ్యాయి. మూర్ మార్కెట్ కాంప్లెక్సు నుంచి గుమ్మిడిపూండి మీదుగా ఆంధ్రలోని సూళ్లూరుపేట వరకు, పడమట తిరుత్తణి వరకు శివారు రైళ్లున్నాయి. ఉదయం, సాయంత్రం ఈ రైళ్ల నుంచి దిగే ఉద్యోగులే మెట్రో స్టేషను కిటకిటలాడటానికి ప్రధాన కారణం. 2024లో చెన్నై మెట్రోలో మొత్తం 10.5 కోట్లకు పైగా ప్రయాణాలు నమోదయ్యాయి. స్టేషన్లలో సెంట్రల్‌దే అగ్రస్థానం.

మూర్ మార్కెట్ అన్న పేరు వింటే పాతతరం పుస్తక ప్రియులకు నిట్టూర్పు తప్పదు. 1900 ప్రాంతంలో కట్టిన ఆ ఎర్ర ఇటుకల సంత పాత పుస్తకాలకు పెట్టింది పేరు. 1985 మే 30న అగ్నికి ఆహుతైంది. ఆ స్థలంలోనే శివారు రైళ్ల భవనం లేచింది.

మెట్రో ద్వారం ఎదుటనే కనిపించే విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. పక్కనున్న తెల్లని రిప్పన్ భవనం 1913 నాటిది, నగరపాలక సంస్థ కార్యాలయం. ఆ సంస్థకు ఎన్నికైన తొలి అనధికార అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి కూడా తెలుగువారే. 1920లో కార్పొరేషను పాఠశాలలో మధ్యాహ్న భోజనం పెట్టించిన ఘనత ఆయన హయాముదే. నగరంలో త్యాగరాయనగర్, చాకలిపేట దాటాక వచ్చే సర్ త్యాగరాయ కళాశాల మెట్రో స్టేషను ఆయన పేరు మీద ఉన్నవే. టి.నగర్‌లో చీరలు కొనే తెలుగువారిలో ఆ ‘టి’ ఎవరో ఎరిగినవారు ఎందరో!

రోడ్డు దాటితే రాజీవ్‌గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. దీని మూలాలు 1664 నాటివి. అనుబంధమైన మద్రాసు వైద్య కళాశాల 1835లో మొదలైంది. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, అమెరికాలో ఔషధ పరిశోధనలతో ఖ్యాతిగాంచిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ కళాశాల విద్యార్థే. రైలు దిగి స్ట్రెచరు మీద, లేదా బంధువుల భుజం ఆసరాతో ఆ రోడ్డు దాటిన గోదావరి జిల్లాల రోగులకు లెక్కలేదు. రద్దీ రోడ్డును దాటకుండా కింది మార్గం గుండా ఆసుపత్రి వైపు చేరే వీలు కలగడం, నిజానికి ఈ స్టేషను చేసిన పెద్ద మేలు.

ఎటు వెళ్లాలి?

రామేశ్వరం, తంజావూరు తదితర దక్షిణాది రైళ్లు ఎక్కవలసినవారు ఎగ్మూరు చేరాలి. ఆకుపచ్చ మార్గంలో అది మరుసటి స్టేషనే. సినిమా స్టూడియోల పేరుతో తెలుగువారి నోట నానిన వడపళని, అలాగే కోయంబేడు కూడా ఆకుపచ్చ మార్గంలోనివే. విమానాశ్రయానికి, గిండీకి నీలి మార్గం. గ్రీమ్స్ రోడ్డు ఆసుపత్రులకు వెళ్లేవారు నీలి మార్గంలో థౌజండ్ లైట్స్ వద్ద దిగడం దగ్గర. ఉత్తరం వైపు నీలి మార్గంలో వచ్చే హైకోర్టు, మన్నడి స్టేషన్ల పైన ఉన్నది పాత జార్జిటౌన్. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1914 నుంచి ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరించిన తంబుచెట్టి వీధి ఆ ప్రాంతంలోనిదే.

మెట్రో వేకువన 5 గంటలకు మొదలై రాత్రి 11 వరకు నడుస్తుంది. అంతకుముందే సెంట్రల్‌లో దిగే రైళ్ల ప్రయాణికులు వేచి ఉండక తప్పదు. కనిష్ఠ చార్జీ 10 రూపాయలు. గరిష్ఠ చార్జీని 2021 ఫిబ్రవరిలో 70 నుంచి 50 రూపాయలకు తగ్గించారు. టికెట్టును కౌంటరులోనే కాక ఫోనులో క్యూఆర్ రూపంలోనూ పొందవచ్చు. దిగిన చోట గేటు తెరుచుకోవడానికి కూడా అదే కావాలి కనుక దానిని పారేయరాదు. సూచనలు తమిళం, ఇంగ్లిషులలో ఉంటాయి. తెలుగు కనిపించదు. అక్షరాలు రానివారికి మార్గాల రంగులే ఆధారం.

చిక్కల్లా తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కేవారిది. ఆంధ్ర వైపు బస్సులు 2018 నుంచి మాధవరం బస్టాండు నుంచి బయలుదేరుతున్నాయి. తొలిదశ మెట్రో అక్కడికి పోదు. సెంట్రల్ నుంచి సిటీబస్సో, ఆటోనో శరణ్యం. సుమారు 119 కిలోమీటర్ల రెండవ దశలో మూడింట రెండు మార్గాలు మాధవరం నుంచే మొదలవుతాయి. ఒకటి సిరుసేరి సిప్‌కాట్ వరకు, మరొకటి కోయంబేడు మీదుగా షోళింగనల్లూరు వరకు. రూ.63,246 కోట్ల అంచనాతో ఈ దశకు కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబరు 3న ఆమోదం తెలిపింది. ఈ మార్గాలలో డ్రైవరు లేకుండా నడిచే మూడు పెట్టెల రైళ్లలో మొదటిది ఆ నెలలోనే శ్రీసిటీ నుంచి చెన్నై చేరింది.